కోట మీద దాడి

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. రథ, గజ, తురగ, పదాతులు అనే నాలుగు అంగాలు గల సైన్యాన్ని బట్టి దీనికి చతురంగం అనే పేరు వచ్చింది. సుమారు ఆరో శతాబ్దం నుంచి ఈ ఆట ఇక్కడి నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బు దేశాలకు, తరువాత ఐరోపాకు వ్యాపించింది. చదరంగం ఆడటం రానివారి నోట కూడా దీని మాటలు వినిపిస్తూ ఉంటాయి. ఎవరైనా ఉపాయం పన్నితే ఎత్తు వేశాడంటారు. దానికి మించిన ఉపాయం పన్నితే పైఎత్తు వేశాడంటారు. చాటుగా పని నడిపేవాడు పావులు కదుపుతున్నాడంటారు. ఎదుటివాడికి ఏ దారీ లేకుండా చేస్తే ఆట కట్టించాడంటారు.

ఈ ఆటను కొత్తగా నేర్చుకునేవారికి ఒక విషయం ఎంతో వింతగా తోస్తుంది. ఆరితేరిన ఆటగాడు ఒక్కొక్కసారి తన విలువైన పావును తానే తీసుకువెళ్లి శత్రురాజు ముందు పెడతాడు. ఎదుటివాడు దానిని చంపుతాడు. చూసేవారు పొరపాటు జరిగిందనుకుంటారు. కాని మరి నాలుగైదు ఎత్తుల తరువాత ఆ రాజుకే ఆటకట్టు అవుతుంది. ఇలా తెలిసి పావును వదులుకోవడాన్ని బలి ఇవ్వడం అంటారు. పోగొట్టుకోవడం వేరు, బలి ఇవ్వడం వేరు. ఈ తేడా ఎక్కడ ఉందో తెలియాలంటే ముందుగా పావుల విలువ తెలియాలి.

చదరంగంలో ఒక్కొక్క పక్షానికి ఒక రాజు, ఒక మంత్రి, రెండు ఏనుగులు, రెండు గుర్రాలు, రెండు శకటులు, ఎనిమిది బంట్లు ఉంటాయి. మూలగా నడిచే శకటును మహారాష్ట్రలోను, ఉత్తర భారతంలోను ఒంటె అంటారు. మూలల్లో నిలిచి నిలువుగా, అడ్డంగా నడిచేది ఏనుగు. బంటు విలువ 1 అనుకుంటే గుర్రం విలువ 3, శకటు విలువ 3, ఏనుగు విలువ 5, మంత్రి విలువ 9 అని ఆటగాళ్లు లెక్క వేసుకుంటారు. రాజుకు విలువ కట్టరు. రాజు చిక్కితే ఆటే ముగుస్తుంది కాబట్టి ఆ పావుకు వెల లేదు.

ఒక్క బంటు తేడా కూడా ఎంత పెద్దదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూరులో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. చివరిదైన పద్నాలుగో ఆటలో గుకేశ్‌కు ఉన్న ఆధిక్యం ఒకే ఒక్క బంటు. దానిని పట్టుకుని గంటల తరబడి ఓపికగా ఆడాడు. చివరకు ఎదుటివాడు ఒక తప్పు ఎత్తు వేయగానే ఆ బంటే గెలుపు తెచ్చిపెట్టింది. ఒక్క బంటుకే అంత విలువ ఉంటే, మూడు బంట్ల విలువ చేసే శకటును ఊరకే వదులుకోవడం ఎంత సాహసమో ఊహించవచ్చు. ఇచ్చిన పావు తిరిగి రాదు. దాడి విఫలమైతే మిగిలిన ఆటంతా తక్కువ బలగంతో ఆడవలసిందే.

ఇంత సాహసం ఎక్కువగా కోట కట్టుకున్న రాజు మీదనే జరుగుతుంది. కోట కట్టుకోవడం అంటే ఏమిటి? ఆట మొదట్లో రాజు నడిమి వరుసలో ఉంటాడు. బంట్లు ముందుకు నడిచే కొద్దీ నడిమి దారులు తెరుచుకుంటాయి. అక్కడ నిలిచిన రాజుకు ప్రమాదం. అందువల్ల రాజు రెండు గళ్లు పక్కకు జరిగి, మూలనున్న ఏనుగు రాజు మీదుగా దాటి అవతలి పక్కన నిలుస్తుంది. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపే అవకాశం ఇది ఒక్కటే. దీనిని క్యాస్లింగ్ అంటారు. మన దేశపు పాత పద్ధతి ఆటలో ఇది లేదు. చాలా ప్రాంతాలలో రాజు ఆట మొత్తంలో ఒకసారి మాత్రం గుర్రంలా దూకవచ్చనే నియమం ఉండేది. ఐరోపాలో 1500 ప్రాంతంలో మంత్రికి, శకటుకు ఎక్కువ దూరం నడిచే శక్తి ఇచ్చారు. ఆటలో వేగం పెరిగింది. రాజుకు రక్షణ అవసరమైంది. ఆ తరువాతి కాలంలోనే కోట కట్టే నియమం ఇప్పటి రూపానికి వచ్చింది.

కోటలోని రాజు ముందు మూడు బంట్లు గోడలాగా నిలుస్తాయి. పక్కన ఏనుగు కాపలా ఉంటుంది. ఈ గోడలో బలహీనమైన చోటు ఏదో తెలుసుకోవడానికి గళ్ల పేర్లు అవసరం. తెల్లపావుల వైపు కూర్చున్నవారికి ఎడమ నుంచి కుడికి ఉన్న నిలువు వరుసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అంటారు. తెల్లపావుల వైపు నుంచి అడ్డు వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు ఉంటాయి. నల్లరాజు కోట కట్టుకుంటే జి8లో ఉంటాడు. ఏనుగు ఎఫ్8లో ఉంటుంది. ఎఫ్7, జి7, హెచ్7 గళ్లలో బంట్లు ఉంటాయి. వీటిలో ఎఫ్7 బంటును ఏనుగు, రాజు ఇద్దరూ కాపాడతారు. హెచ్7 బంటు సంగతి వేరు. కోట కట్టకముందు దాని వెనుక మూలన ఏనుగు ఉండేది. కోట కట్టగానే ఆ ఏనుగు ఎఫ్8కు వెళ్లిపోయింది. ఎఫ్6లో నల్లగుర్రం ఉంటే అది కూడా హెచ్7ను కాపాడుతుంది. ఆ గుర్రం కూడా లేనప్పుడు హెచ్7 బంటుకు రాజు తప్ప దిక్కులేదు. దాడి చేసేవాడి చూపు ఆ గడి మీదనే ఉంటుంది.

ఈ రహస్యాన్ని నాలుగు వందల ఏళ్ల క్రితమే రాసిపెట్టినవాడు ఇటలీకి చెందిన జొవాకినో గ్రెకో. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో పుట్టిన గ్రెకో రోము, పారిస్, లండన్ నగరాలు తిరిగి ప్రముఖుల ముందు ఆడాడు. తనను ఆదరించినవారి కోసం 1620ల్లో చేతిరాత పుస్తకాలు తయారు చేసి అందులో ఎన్నో ఆటలు రాశాడు. ఆ ఆటలలో ఎదుటివారి పేర్లు లేవు. అవి నేర్పడానికి కూర్చిన ఉదాహరణలని పండితులు భావిస్తారు. వాటిలో ఒకటి కేవలం 12 ఎత్తుల్లో ముగుస్తుంది. చదరంగపు బల్ల ముందు పెట్టుకుని ఆడి చూస్తే ఆ ఆట చక్కగా అర్థమవుతుంది.

తెల్లవారు ఇ2 బంటును ఇ4కు జరిపారు. నల్లవారు ఇ7 బంటును ఇ6కు జరిపారు. తెల్లవారి రెండో ఎత్తు డి2 బంటు డి4కు. నల్లగుర్రం ఎఫ్6కు వచ్చింది. తెల్లశకటు డి3కి వచ్చింది. రెండో నల్లగుర్రం సి6కు వచ్చింది. తెల్లగుర్రం ఎఫ్3కి, నల్లశకటు ఇ7కు వచ్చాయి. ఐదో ఎత్తులో తెల్లవారు హెచ్2 బంటును రెండు గళ్లు జరిపి హెచ్4లో నిలిపారు. నల్లవారు కోట కట్టుకున్నారు. ఆరో ఎత్తులో తెల్లవారు ఇ4 బంటును ఇ5కు నెట్టారు. ఆ బంటు ఎఫ్6లోని గుర్రాన్ని బెదిరించింది. గుర్రం డి5కు తప్పుకుంది.

ఇక్కడ ఒక క్షణం ఆగి బల్లను చూడాలి. హెచ్7ను కాపాడుతున్న గుర్రం వెళ్లిపోయింది. ఇ4 నుంచి బంటు కదలడంతో డి3లోని తెల్లశకటుకు హెచ్7 దాకా దారి తెరుచుకుంది. ఎఫ్3 గుర్రం ఒక్క దూకుతో జి5 చేరగలదు. అది కదిలితే డి1లోని మంత్రికి హెచ్5 దాకా దారి ఏర్పడుతుంది. సి1 శకటు దూరం నుంచి జి5ను కాపాడుతోంది. ఇ5 బంటు వల్ల నల్లవారు ఎఫ్6లో మళ్లీ గుర్రాన్ని నిలపలేరు. హెచ్1 ఏనుగు హెచ్4 బంటు వెనుక సిద్ధంగా ఉంది. నల్లవారి సంగతి చూస్తే, ఎ8 ఏనుగు, సి8 శకటు కదలనే లేదు. సి6 గుర్రం రాజుకు దూరంగా ఉంది. మొత్తం బలగం ఇరుపక్షాలకు సమానమే. కాని రాజు ఉన్న చోట మాత్రం తెల్లవారి బలమే ఎక్కువ.

ఏడో ఎత్తులో తెల్లశకటు హెచ్7 బంటును చంపి రాజుకు చెక్ చెప్పింది. రాజు శకటును చంపాడు. తెల్లవారు 3 ఇచ్చి 1 తీసుకున్నారు. రాజు దానిని చంపకుండా హెచ్8 మూలకు పోయినా మేలు లేదు. బంటు పోయి, కోట గోడ కూలి, దాడి అలాగే మిగులుతుంది. ఎనిమిదో ఎత్తులో గుర్రం జి5కు దూకి మళ్లీ చెక్ చెప్పింది. రాజు జి8కి వెనక్కు పోతే తెల్లమంత్రి హెచ్5కు వస్తుంది. ఆ తరువాత గుర్రం అండతో హెచ్7లో ఆటకట్టు చేస్తానని బెదిరిస్తుంది. అందువల్ల నల్లవారు ఇ7 శకటుతో ఆ గుర్రాన్నే చంపారు.

ఐదో ఎత్తులో హెచ్4కు నడిచిన బంటు పని ఇప్పుడు తెలుస్తుంది. ఆ బంటు జి5లోని శకటును చంపింది. బంటు పక్కకు తొలగడంతో హెచ్ వరుస తెరుచుకుని హెచ్1 ఏనుగు నుంచి రాజుకు చెక్ తగిలింది. ఒకే ఎత్తుతో శకటు తిరిగి దక్కింది, దారి కూడా తెరుచుకుంది. రాజు జి8కి పోయాడు. పదో ఎత్తులో తెల్లమంత్రి హెచ్5కు వచ్చింది. వెనుక ఏనుగు అండ ఉంది కాబట్టి మరుసటి ఎత్తులో ఆటకట్టు తప్పదు. రాజు పారిపోవడానికి దారి చేయాలని నల్లవారు ఎఫ్7 బంటును ఎఫ్5కు జరిపారు.

పదకొండో ఎత్తు ఈ ఆటలో అన్నిటికంటె నేర్చుకోదగినది. తెల్లవారు చెక్ చెప్పలేదు. దేనినీ చంపలేదు. జి5 బంటును నెమ్మదిగా జి6కు జరిపారు. ఆ చిన్న బంటు ఎఫ్7 గడిని మూసివేసింది. రాజు పారిపోయే ఒకే ఒక దారి అదే. నల్లవారు ఏనుగును ఇ8కి జరిపారు. పన్నెండో ఎత్తులో మంత్రి హెచ్8లో దిగింది. రాజు మంత్రిని చంపలేడు. ఏనుగు అండ ఉంది. పక్కకు పోలేడు. ఆట కట్టింది.

తొమ్మిదో ఎత్తులో తెరుచుకున్న చెక్‌కు రాజు జి8కి పోకుండా జి6కు బయటికి వస్తే ఏమవుతుంది? మంత్రి హెచ్5లో చెక్ చెబుతుంది. రాజుకు ఎఫ్5 తప్ప గడి లేదు. మంత్రి హెచ్3కి వచ్చి మళ్లీ చెక్ చెబుతుంది. రాజు ఇ4కు పోతే మంత్రి డి3లో ఆట కట్టిస్తుంది. రాజు జి6కు తిరిగి వెళ్తే హెచ్7లో ఆట కట్టిస్తుంది. కోట విడిచి బయటపడ్డ రాజు శత్రువుల నడుమ ఒంటరి అవుతాడు.

హెచ్7 మీద జరిగే ఈ బలికి చదరంగం పుస్తకాలలో గ్రీకు కానుక అనే పేరు ఉంది. ట్రాయ్ నగరపు కోటలోకి గ్రీకులు పంపిన కొయ్యగుర్రం కథను ఈ పేరు గుర్తుకు తెస్తుంది. కానుకగా కనిపించి కోటను కూల్చడం రెండింటిలోను ఉంది.

శకటు ఒక్కటే కాదు, రెండు శకటులను కూడా బలి ఇచ్చిన ఆట ఒకటి చరిత్రలో ప్రసిద్ధికెక్కింది. 1889లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జరిగిన పోటీలో జర్మనీ యువకుడు ఎమాన్యుయెల్ లాస్కర్, బాయర్ అనే ఆటగాడితో తలపడ్డాడు. లాస్కర్ వయసు అప్పుడు 20 ఏళ్లు. పదిహేనో ఎత్తులో ఒక శకటుతో హెచ్7 బంటును చంపాడు. రాజు దానిని చంపాక మంత్రితో హెచ్5లోని నల్లగుర్రాన్ని చంపి చెక్ చెప్పాడు. రాజు జి8కి పోగానే పదిహేడో ఎత్తులో రెండో శకటుతో జి7 బంటును కూడా చంపాడు. ఆ శకటును వదిలేస్తే మంత్రి హెచ్8లో ఆట కట్టిస్తుంది. బాయర్ దానిని చంపక తప్పలేదు. రాజు ముందు గోడ పూర్తిగా కూలింది. మంత్రి జి4లో చెక్ చెప్పింది, రాజు హెచ్7కు పోయాడు. అప్పుడు ఎఫ్ వరుసలోని తెల్ల ఏనుగు మూడో అడ్డు వరుసకు వచ్చి హెచ్3కి చేరడానికి సిద్ధపడింది. ఆటకట్టు తప్పించుకోవడానికి బాయర్ తన మంత్రిని ఏనుగుకు వదులుకోవలసి వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడాలి. ఇరవై ఒకటో ఎత్తు ముగిసేసరికి లాస్కర్ వద్ద మంత్రి, ఏనుగు, 8 బంట్లు ఉన్నాయి. 9, 5, 8 కలిపితే 22. బాయర్ వద్ద రెండు ఏనుగులు, రెండు శకటులు, 6 బంట్లు ఉన్నాయి. 10, 6, 6 కలిపితే 22. రెండు శకటులు బలి ఇచ్చిన తరువాత కూడా లెక్క సమానం. మరుసటి ఎత్తులో లాస్కర్ మంత్రి డి7కు వచ్చి నల్లవారి రెండు శకటుల మీద ఒకేసారి దాడి చేసింది. వాటిలో ఒకటి పోక తప్పలేదు. లాస్కర్ ఆట గెలిచాడు. బలి ఇచ్చిన పదిహేనో ఎత్తునాడే ఈ ఇరవై రెండో ఎత్తు ఆయన కంటికి కనబడి ఉండాలి. లేకపోతే లెక్క సమానమై ఆగిపోయేది. ఆయన తరువాత 1894 నుంచి 1921 దాకా ప్రపంచ విజేతగా నిలిచాడు.

ఈ ఆటలు చదివిన ఉత్సాహంతో ప్రతిసారీ హెచ్7 మీద శకటును వదులుకునేవారు నష్టపోతారు. గ్రెకో ఆటలోనే ఒక చిన్న మార్పు చేసి చూడవచ్చు. నల్లగుర్రం ఎఫ్6లోనే ఉంటే శకటు హెచ్7లో దిగగానే ఆ గుర్రమే దానిని చంపుతుంది. రాజు కదలడు, దాడి మొదలే కాదు. హెచ్4లో బంటు లేకపోతే నల్లశకటు జి5 గుర్రాన్ని చంపినప్పుడు హెచ్ వరుస తెరుచుకోదు. దాడి అక్కడితో ఆగిపోతుంది. నల్లవారి సి8 శకటుకు ఎఫ్5 దాకా దారి ఉంటే అది అక్కడికి వచ్చి హెచ్7ను కాపాడుతుంది. ఒక్క బంటు, ఒక్క గడి తేడాతో అదే బలి గెలుపు కాకుండా ఓటమి అవుతుంది.

1886లో మొదటి ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టయినిట్జ్ ఈ విషయాన్నే సూత్రంగా బోధించాడు. దాడి చేసేవాడికి ముందుగానే ఏదో ఒక పైచేయి ఉండాలి. అది లేకుండా చేసిన దాడి సరైన రక్షణ ముందు నిలవదు. ఆస్ట్రియా ఆటగాడు రుడాల్ఫ్ స్పీల్‌మన్ 1935లో బలిని గురించి ఒక పుస్తకమే రాసి, బలులను రెండు రకాలుగా విభజించాడు. చివరిదాకా లెక్కకు అందేవి ఒక రకం. అవి నిజానికి బలులు కావు, కొద్ది ఎత్తుల్లో వడ్డీతో తిరిగివచ్చే అప్పులాంటివి. ఫలితం పూర్తిగా లెక్కకు అందనివి రెండో రకం. అవే అసలైన బలులు. 1960లో ప్రపంచ విజేత అయిన మిహయిల్ తాల్ రెండో రకం బలులకు పేరు పొందాడు. కొత్తగా నేర్చుకునేవారు మొదటి రకంతో మొదలుపెట్టడం మంచిది.

దాడిని తట్టుకునేవారు నేర్చుకోవలసినదీ ఉంది. ఎఫ్6లోని గుర్రాన్ని అవసరం లేకుండా కదపకూడదు. శత్రువు బంటు ఇ5కు రాబోతున్నదని ముందే గమనించాలి. రాజుకు దూరంగా ఉన్న పావులను త్వరగా పనిలోకి తేవాలి. బలి ఇచ్చిన పావును చంపక తప్పని స్థితి వస్తే, చంపిన తరువాత దక్కిన అధిక బలంలో కొంత తిరిగి ఇచ్చి దాడిని ఆపవచ్చు. దక్కినదంతా దక్కించుకోవాలనే ఆశ వల్ల ఎన్నో ఆటలు పోయాయి.

కాబట్టి పావును బలి ఇచ్చే ముందు ఆటగాడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. రాజు ఉన్న చోటికి తన పావులు ఎన్ని చేరగలవు? కాపాడటానికి వారి పావులు ఎన్ని చేరగలవు? చెక్ చెప్పిన ప్రతిసారీ రాజుకు ఉన్న దారులన్నీ చూశాడా? దాడి ఆగిపోతే చేతిలో ఏమి మిగులుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే చేయి పావు మీదకు పోవాలి. తాకిన పావును కదపాలన్నది ఆట నియమం. కదిపి చేయి వదిలిన ఎత్తును వెనక్కు తీసుకోవడం ఉండదు.

చూసేవారికి బలి ధైర్యంగా కనిపిస్తుంది. ఆ ధైర్యం వెనుక ఉన్నది లెక్క. గ్రెకో ఆటలో శకటు పడిపోయినప్పుడు అందరూ దానినే చూస్తారు. ఆట కట్టించడానికి దారి తెరిచినది మాత్రం ఐదో ఎత్తులో రెండు గళ్లు ముందుకు నడిచిన హెచ్ వరుస బంటు.